రెండు ఎల్లుల డిటెక్టివ్

మా ఊళ్ళో కరెంటు కోతకీ మా అమ్మ కథలకీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గురువారం గురువారం సాయంత్రం ఏడున్నరకి టీవీలో ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. సరిగ్గా ఏడూ యాభైకి, అనుమానితులందర్నీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ గారు వేలు ఎత్తగానే, కరెంటు పోయేది. ఆ వేలు ఎవరి వైపు తిరిగిందో మా ఊరికి ఏనాడూ తెలియలేదు. ప్రతి వారం కొత్త కేసు కాబట్టి పై గురువారం చూసి తెలుసుకునే వీలు కూడా లేదు.

మాది కడియం పక్కన చిన్న ఊరు. అర ఎకరం నర్సరీ, అందులోనే రెండు గదుల ఇల్లు. చుట్టుపక్కల నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు సీరియల్ టైముకి మా వరండాలో చేరేవారు. వాళ్ళకి కనబడేలా టీవీని గుమ్మం వైపు తిప్పి పెట్టేవాళ్ళం. కరెంటు పోగానే అందరూ కలిసి కరెంటు వాళ్ళని ఓ నాలుగు తిట్లు తిట్టేవారు. ఆ కార్యక్రమం అయ్యాక ఎవరో ఒకరు, "చెప్పు వదినా, ఎవరంటావు?" అనేవారు. అప్పుడు అమ్మ మొదలుపెట్టేది.

అమ్మ పగలంతా అంట్లు కట్టే మనిషి. అంట్లంటే గిన్నెలు కాదు, మామిడి అంట్లు. నాటు మొక్క తల కోసి, మంచి రకం కొమ్మని కింద పలచగా చెక్కి, దాన్ని ఇందులో దోపి, పాలిథిన్ పట్టీతో బిగించి చుట్టాలి. చేతులు ఆ పని చేసుకుపోతుంటే నోరు ఖాళీగా ఉంచుకోవడం అమ్మ వల్ల అయ్యేది కాదు. ఎండిపోయిన మొక్క దగ్గర్నుంచి ఎదురింటి వాళ్ళ గేదె దాకా అందరికీ ఆవిడ దగ్గర ఒక కథ ఉండేది.

సీరియల్లో డిటెక్టివ్ గారు నవ్వి ఎరగరు. మోకాళ్ళ కిందికి దిగే గోధుమరంగు కోటు వేసుకుని, ఎర్రటి కళ్ళతో ప్రతి శవాన్నీ సొంత మేనమామని చూసినట్టు చూసేవారు. ఆయన పక్కన ఒక ఇన్‌స్పెక్టరు. ఆయనకి కేకలు వెయ్యడం తప్ప ఇంకో ఉద్యోగం లేదు. డిటెక్టివ్ గారింట్లో ఒక వంటావిడ. కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడమే ఆవిడ పాత్ర. మొత్తం సీరియల్లో ఆవిడకి ఒక్క డైలాగు లేదు.

వీళ్ళని అమ్మ టీవీ వాళ్ళకే వదిలేసి ఊరుకుంటే కదా! "ఈ ఎండల్లో ఆ కోటేంటండీ, చెమటకాయలు రావూ?" అని ఎత్తుకునేది. ఆ కోటు వాళ్ళ నాన్నదట. కొడుకు చిన్నప్పుడు ఆయన కోటు తాకట్టు పెట్టి పుస్తకాలు కొన్నాడట, తర్వాత విడిపించుకున్న కొడుక్కి దాన్ని విప్పబుద్ధి కాదట. ఇన్‌స్పెక్టరువి కోపం కేకలు కావట. "పొద్దున్నుంచీ ఆ మనిషికి ఎవరైనా ఇంత అన్నం పెట్టారేంటే? చూశారా ఎక్కడైనా? కడుపు కాలితే అరవడూ!" ఇక వంటావిడంటే అమ్మకి ప్రాణం. కేసులన్నీ తేల్చేది ఆవిడేనని అమ్మ తీర్పు. కాఫీ కప్పు చెవి తమ్ముడి వైపు తిరిగి ఉంటే హంతకుడు తమ్ముడు, మేనేజరు వైపు తిరిగి ఉంటే మేనేజరు. డిటెక్టివ్ గారు ఆ కప్పు చూసి వేలు చూపిస్తారంతే. చీకట్లో వరండా అంతా ఒకటే నవ్వులు. కరెంటు వచ్చినా కథ అయ్యేదాకా ఎవరూ లేచేవారు కాదు.

నేను అప్పుడే డిగ్రీ అయిపోయి రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సులో చేరాను. కోర్సు ఒక గంట, ఆ మేడ కిందే ఉన్న నెట్ సెంటర్లో రెండు గంటలు. ఇంట్లో మాత్రం కోర్సే మూడు గంటలని చెప్పాను. అక్కడ ప్లైవుడ్ అరల్లో కూర్చుని ఏదో వెతుకుతుంటే ఒకరోజు ఈ సీరియల్ అభిమానుల గ్రూపు దొరికింది. ఒకరు మెయిలు రాస్తే గ్రూపులో అందరికీ చేరేది. కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, విశాఖ నుంచి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం, మస్కట్ నుంచి ఒకాయన, ఇంకా పదీ పదిహేను మంది. అందరూ పరీక్ష రాస్తున్నంత గంభీరంగా రాసేవారు. మూడో సీనులో గడియారం ఎంత చూపించింది, తలుపు గొళ్ళెం లోపలా బయటా, ఇదే గోల.

నాకు ఒళ్ళు మండింది. ఇంత మంది ఉండి ఆ కోటు గురించి ఒక్కరూ అడగరేంటని, అమ్మ చెప్పిన కోటు కథ మొత్తం కొట్టి పంపాను. ఆ తర్వాత కాఫీ కప్పు కథ. గ్రూపు గ్రూపంతా పగ్గాలు తెంచుకుంది. లెక్కల మాస్టారు గొళ్ళేలు వదిలేసి, ఇన్‌స్పెక్టరు గారు పిఠాపురం గుడి దగ్గర ప్రసాదం లైన్లో మూడోసారి నిలబడి దొరికిపోయిన వైనం రాశారు. విశాఖ మేడం వంటావిడకి పూర్వాశ్రమంలో కాలేజీ ప్రిన్సిపాలు ఉద్యోగం ఇప్పించింది. మస్కట్ ఆయన డిటెక్టివ్ గారిని కోటుతో సహా ఎడారిలో దింపాడు. ప్రతి మెయిలు కిందా, మొదలుపెట్టినందుకు నాకు ఒక దండం ఉండేది.

"మీకింత ఊహ ఎక్కణ్ణించి వస్తుందండీ?" అని విశాఖ మేడం అడిగింది.

"ఏదో అలా వచ్చేస్తుందండీ" అని రాశాను.

మా అమ్మ అని రాయడానికి ఎన్ని అక్షరాలు పడతాయి! రాయలేదు. ఆ పొగడ్త నాకు అంత రుచిగా ఉంది. ఇంటికి వెళ్ళి, అంట్లు కడుతున్న అమ్మ పక్కన కూర్చుని, "తర్వాతేమైందే అమ్మా?" అని ముద్దుగా అడిగేదాన్ని. కూతురికి ఇన్నాళ్ళకి తన మాటల మీద ధ్యాస కలిగిందని ఆవిడ మురిసిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు మాత్రం సిగ్గులాంటిదేమీ నా దరిదాపుల్లో లేదు.

ఇంతలో ఒక గురువారం కరెంటు మరీ తొందరపడి పోయింది. డిటెక్టివ్ గారి మొహం తెర నిండా కనబడుతుండగా పోయింది. అందుకని ఆ రోజు అమ్మ మొహం గురించే చెప్పింది. ఎందుకో నవ్వించలేదు, మెల్లగా చెప్పింది. "పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆయనకి ఉన్నదల్లా కళ్ళు. కళ్ళు లేకపోతే ఆయన డిటెక్టివే కాదు. ఎక్కడికెళ్ళినా ముందు కళ్ళు, తర్వాతే మాట. ఊరంతా నిద్రపోతుంటే మనందరి బదులూ ఆయన మేలుకుంటున్నాడు, అందుకే ఆ ఎరుపు." మర్నాడు ఒక్క మాట పోకుండా కొట్టి పంపాను.

అప్పట్లో తెలుగుని తెలుగక్షరాల్లో కొట్టే దారి మాకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలతోనే మా తెలుగంతా. అందులో నాకు బద్ధకం ఎక్కువ, ఎక్కడా ఒక్క అక్షరం అదనంగా కొట్టను. కళ్ళు అన్న చోటల్లా కె, ఏ, రెండు ఎల్లులు, యూ.

మర్నాడు మెయిలు తెరిస్తే జవాబులు బారులు తీరి ఉన్నాయి. మొదటిది లెక్కల మాస్టారిది. "అమ్మాయ్, తాటికల్లా, ఈతకల్లా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నా మెయిలు నేనే మళ్ళీ చదువుకున్నాను. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఆయనకి ఉన్నదల్లా కల్లు. కల్లు లేకపోతే ఆయన డిటెక్టివే కాదు. ఎక్కడికెళ్ళినా ముందు కల్లు, తర్వాతే మాట. పైపెచ్చు చివర్న ఆ ఎరుపొకటి! నెట్ సెంటర్ అరలో పడీపడీ నవ్వాను. పక్క అరలోంచి ఎవరో గట్టిగా దగ్గారు కూడా.

ఒక్క లైను రాస్తే సరిపోయేది, అది కల్లు కాదండీ కళ్ళండీ అని. రాద్దామనే వేళ్ళు పెట్టాను. కానీ అప్పటికే విశాఖ మేడం డిటెక్టివ్ గారిని తెల్లవారుజామునే తాటితోపులోకి నడిపించేసింది. మస్కట్ ఆయన, కోటు జేబుల్లో తాటాకు దొన్నెలు పెట్టాడు. ఇన్‌స్పెక్టరుకి యానాం మందే ఇష్టమనీ, అందుకే ఇద్దరికీ పడదనీ ఇంకొకరు కనిపెట్టారు. అందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. నేను ఎత్తించుకున్నాను. నెల తిరక్కుండా సీరియల్ పేరు ఎవరూ అనడం లేదు, గ్రూపులో ఆయన పేరు కల్లు డిటెక్టివ్ అయిపోయింది.

గొప్పకి పోయి, "మొక్కలు కావాలంటే మా నర్సరీకి రండి, కడియం దాటగానే" అని గ్రూపులో రాసి ఉన్నాను. ఒక ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారు నిజంగానే వచ్చేశారు. తెల్ల ప్యాంటు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఫైల్లో మా మెయిళ్ళన్నీ ప్రింటు తీయించి, తారీఖుల వారీగా గుచ్చి ఉన్నాయి. నేను బోరు దగ్గర ఉన్నాను. ఆయన నేరుగా అమ్మ దగ్గరికెళ్ళి దండం పెట్టారు.

"ఆయ్, నమస్కారమమ్మా. కల్లు డిటెక్టివ్ రాసే అమ్మాయి తల్లిగారు మీరేనా అండి?"

అమ్మ చేతిలో బ్లేడు ఆగింది. "కల్లా? కల్లేంటండీ?"

పాపం మాస్టారు ఉత్సాహంగా పేజీ తీసి, క్లాసులో చదివినట్టు పైకి చదివారు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఆయనకి ఉన్నదల్లా కల్లు. నేను పరిగెత్తుకొచ్చేసరికి మూడో వాక్యంలో ఉన్నారు. అమ్మ వింటూ మాస్టారి వంక చూడలేదు, నా వంక చూసింది. తన మాటల్ని ఎవరైనా గుర్తు పట్టరూ! ఆయనకి రెండు మామిడి అంట్లు, ఒక సపోటా అంటు ఏరి ఇచ్చి, మజ్జిగిచ్చి, మర్యాదగా సాగనంపింది. ఆయన ఆటో మలుపు దాటాక నా వైపు తిరిగింది.

"నా మాటలు నీ పేరు మీద పెట్టుకున్నావు. సరే, ఇంట్లో మాటలేగా, పోనీ" అంది. "ఆ మానవుణ్ణి తాగుబోతుని చేశావేంటే?"

"నేను చెయ్యలేదమ్మా. ఇంగ్లీషు అక్షరాల్లో కళ్ళూ కల్లూ ఒక్కలాగే ఉంటాయి. వాళ్ళు అలా చదువుకున్నారు."

"నన్నో మాట అడిగితే చెప్పేదాన్ని కదే."

తప్పు చేసినవాళ్ళకి కోపం తొందరగా వస్తుంది, నాకు మరీను. "ఏం చెప్తావు నువ్వు? నీకు ఇంగ్లీషక్షరాలే రావుగా!" అన్నాను.

అమ్మ పట్టీ చుట్టడం పూర్తి చేసి ఇంకో మొక్క అందుకుంది. ఆ రోజంతా ఏ మొక్కకీ కథ లేదు.

పై గురువారం యథాప్రకారం కరెంటు పోయింది. తిట్లు అయ్యాయి. "చెప్పు వదినా, ఎవరంటావు?" అన్నారు. "ఎవరైతే ఏంటే, టీవీ వాళ్ళకే తెలియాలి" అని అమ్మ లోపలికెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. వచ్చినవాళ్ళు కాసేపు విసురుకుంటూ కూర్చుని, ఒంట్లో బాలేదేమోనని లేచి వెళ్ళిపోయారు. ఖాళీ వరండాలో నేనొక్కదాన్నీ మిగిలాను. వరండా అంత పెద్దదని అంతకు ముందు నాకు తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అటు గ్రూపులో కొత్త కథ ఏదని ఒకటే అడగడం. నేనే రాయలేనా ఏంటని అరపేజీ సొంతంగా రాసి పంపాను. దానికి నవ్విన మహానుభావుడు లేడు. లెక్కల మాస్టారు మాత్రం "ఒంట్లో బాగుందా అమ్మాయ్?" అని రాశారు. అమ్మ నోట్లోంచి వచ్చే మాట వేరు, నా వేళ్ళలోంచి వచ్చే మాట వేరు. అది ఆ అరపేజీలో ఎవరికైనా తెలుస్తుంది. ఇక అమ్మ మళ్ళీ చెప్పదేమోనన్న భయం పట్టుకుంది. గ్రూపు కోసం కాదు. అమ్మ మాట్లాడని ఇంట్లో నాకు అన్నం సయించడం లేదు.

మర్నాడు నెట్ సెంటర్లో కూర్చుని ఉన్నదున్నట్టు రాసేశాను. ఆ కథలు నావి కావు, మా అమ్మవి. కోటు ఆవిడదే, కాఫీ కప్పు ఆవిడదే. అది కల్లు కాదు, కళ్ళు, కంటికి సంబంధించిన కళ్ళు. తెలిసీ దిద్దలేదు. పంపు అన్న చోట నొక్కి, జవాబులు చూసే ధైర్యం లేక బస్సెక్కేశాను.

రెండు రోజులు ఆగి చూస్తే నన్ను తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే నన్ను పట్టించుకున్నవాళ్ళే లేరు. ఉత్తరాలన్నీ అమ్మకే. అన్నీ ప్రింటు తీయించి ఇంటికి తెచ్చి, అంట్లు కడుతున్న అమ్మ ఎదురుగా పీట వేసుకుని చదివాను. వంటావిడకి ఒక్క డైలాగైనా రాసి పెట్టమని విశాఖ మేడం అడిగింది. అమ్మ తలెత్తలేదు. ఆఖరున మాస్టారిది. "అమ్మా, తప్పు చదువుకున్నది మేము. అమ్మాయిని ఏమీ అనకండి. కానీ డిటెక్టివ్ గారు రోజూ పొద్దున్నే తాటితోపుకి వెళ్ళడం మాకందరికీ అలవాటైపోయిందండి. ఇప్పుడు ఆయన్ని ఎలా మాన్పించాలో తెలియడం లేదు. ఎందుకెళ్తున్నారో మీరే చెప్పాలి. ఇట్లు మీ మామిడి అంటు చిగురేసిన మాస్టారు."

"చిగురేసిందటా?" అంది అమ్మ. వారం రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

ఆ గురువారం సీరియల్లో ఒక రైసుమిల్లు యజమానిని ఎవరో చంపేశారు. ఇంటి చుట్టూ ఎత్తు గోడ, గేటుకి తాళం, చూసినవాళ్ళు ఎవరూ లేరు. డిటెక్టివ్ గారు వేలు ఎత్తారు. కరెంటు పోయింది. ఈసారి ఎవరూ అడగలేదు, అడగాలంటే మొహమాటం. చీకట్లో అమ్మ తనే గొంతు సవరించుకుంది.

"ఆయన రోజూ తాడిచెట్ల దగ్గరికి వెళ్తున్నాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు తెలుసా? తాగుతాడని ఊరికే అనేస్తారు. ఎందుకెళ్తున్నాడని ఒక్కరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదని వరండా ఒప్పుకుంది.

"అంత ఎత్తు గోడ ఉంటే లోపలేం జరిగిందో చూడగలిగేది ఎవరే? చెట్టెక్కినవాడు. పొద్దున్నే కల్లు లొట్టి దించడానికి గీత గీసేవాడు మోకు వేసుకుని పైకెక్కుతాడు. అక్కణ్ణించి ఊళ్ళో అన్ని పెరళ్ళూ కనపడతాయి. ఈయన వెళ్ళి, చెట్టు కింద నిలబడి, 'ఏమయ్యా, ఆ రోజు ఏం చూశావు?' అన్నాడు. అతను దిగొచ్చి, లొట్టి కింద పెట్టి, 'ఆయ్, అంతా చూశానండి. అడిగితే చెప్పేవాణ్ణి కదండి. నన్నెవరూ అడగలేదండి' అన్నాడు."

నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. ఆ ముక్క ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. చీకటి కాబట్టి బతికిపోయాను. లేచి వెళ్ళి అమ్మ పక్కన ఆనుకుని కూర్చున్నాను. అమ్మ జరిగి చోటిచ్చింది.

"ఇంతకీ హంతకుడెవరు వదినా?" అన్నారు.

"అల్లుడు. గోడ దూకుతుంటే చూశాడు. ఏముందే ఇందులో? ఎక్కినవి కాళ్ళు, చూసినవి కళ్ళు, దిగింది కల్లు. కేసు తేలిపోయింది."

"మరి డిటెక్టివ్ గారు తాగలేదా?"

"ఒక దొన్నెడు పుచ్చుకున్నాడనుకో. అంత ప్రేమగా ఇస్తే వద్దంటే ఏం బాగుంటుంది? పొద్దుటి కల్లు, తియ్యగా ఉంటుంది, తప్పులేదు" అంది అమ్మ. వరండా ఘొల్లుమంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

మర్నాడు అమ్మ నాతో పాటు రాజమండ్రి బస్సెక్కింది. జరీ అంచు చీర కట్టుకుంది. ఆ అరలో రెండు కుర్చీలు పట్టవు, నేను నిలబడి అమ్మని కూర్చోబెట్టాను. అమ్మ చెబుతుంటే ఆవిడ భుజం మీంచి వంగి కొట్టాను. అడుగున అమ్మ పేరు పెట్టి, ఏ అక్షరం ఏదో చూపించాను. ఆవిడ వేలితో తెర మీద ఒక్కొక్కటే తాకి చూసుకుంది. మొక్క అతికిందో లేదో పట్టీ మీద నొక్కి చూసే వేలు అది.

తర్వాత పై లైను దగ్గర ఆగింది. "ఇదేంటే, ఇక్కడ మూడు చోట్లా ఒకటే ఉంది?"

అదే, కాళ్ళు, కళ్ళు, కల్లు. మూడుసార్లూ కె, ఏ, రెండు ఎల్లులు, యూ. "మారుస్తానమ్మా. ఏది ఏదో పక్కన వివరంగా రాస్తాను, ఉండు" అని కంగారుగా కీబోర్డు అందుకోబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. డిటెక్టివ్ అభిమానులేగా, తేల్చుకోనీ."